కొండమీది సాయంకాలము

ముఖ్యాంశము: వెలుగు మన ఆజ్ఞకు లోబడునది కాదు. ముందుగా చేరి కనిపెట్టుకొనియుండుట, అవసరమైనప్పుడు విడిచి దిగివచ్చుట — ఈ రెండే మన వంతు.

సూర్యాస్తమయమును చూడనివారు మనలో ఎవరును లేరు. పొలము గట్టున నిలిచి చూచితిమి, మేడమీద బట్టలు తీయుచు చూచితిమి, రైలు కిటికీలోనుండి చూచితిమి. అది మనయొద్దకు వచ్చిన వెలుగు. అయితే ఆ వెలుగు కొరకు మనమే కెమెరా భుజమున వేసికొని, రెండు మూడు దినములు నడిచి, కొండ నెక్కుట వేరొక పని. ఇట్లు ఎక్కినవారిలో అనేకులు నిరాశతో తిరిగివచ్చుచున్నారు. ఇంటికి వచ్చి చూచుకొనగా సూర్యుడు తెల్లని మచ్చగాను, కొండ నల్లని ముద్దగాను కనబడును. "నేను చూచినది ఇది కాదే!" అని వారు చింతింతురు. కారణమేమి? చాలమట్టుకు లోపము కెమెరాలో లేదు. వెలుగును గూర్చియు, కాలమును గూర్చియు, తమ్మును గూర్చియు వారు ముందుగా ఆలోచింపకపోవుటయే. ఒక కొండను, దానిమీదికి నేను చేసిన రెండు ప్రయాణములను ఆధారము చేసికొని ఈ సంగతిని మనము అధ్యయనము చేయుదము.

1. ఆ కొండ ఎక్కడ నున్నది?

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగు జిల్లాకును నేపాల్ దేశమునకును నడుమ సింగలీలా అను కొండల వరుస ఉత్తర దక్షిణములుగా సాగియున్నది. ఆ వరుసలో సందక్‌ఫూ అను శిఖరము కలదు. దాని ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్ రాష్ట్రములో ఇంతకంటె ఎత్తైన స్థలము లేదు. మానేభంజన్ అను చిన్న ఊరినుండి బయలుదేరి తుమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖ్రీ అను పల్లెల మీదుగా సుమారు 31 కిలోమీటర్లు నడిచి అచ్చటికి చేరవలెను. దారిలో కొంత భాగము సింగలీలా జాతీయ ఉద్యానవనములోనిది. వర్షాకాలమున ఆ వనమును మూసియుంచెదరు. నడచి వెళ్లువారు స్థానికుడైన మార్గదర్శిని వెంట తీసికొనిపోవుట అచ్చటి నియమము.

అక్టోబరు, నవంబరు మాసములు ఈ పనికి మంచి కాలము. వర్షములు ఆకాశమును కడిగివేసియుండును. చలికాలపు పొగమంచు ఇంకను ముదిరియుండదు. సందక్‌ఫూ మీద నిలిచి ఉత్తరదిశగా చూచినయెడల సుమారు 70 కిలోమీటర్ల దూరమున 8,586 మీటర్ల ఎత్తైన కాంచనగంగ కనబడును. దాని ఇరుప్రక్కలనున్న శిఖరములతో కలిపి చూడగా, వెల్లకిల పరుండిన మనుష్యుని ఆకారము తోచును. అచ్చటివారు దానిని నిద్రించు బుద్ధుడందురు. వాయవ్యదిశను మకాలు, లోత్సే, ఎవరెస్టు శిఖరములున్నవి. లోకములోని అయిదు మహోన్నత శిఖరములలో నాలుగింటిని ఒక్కచోట నిలిచి చూచుట ఎంత భాగ్యము!

ఇచ్చట మొదటి పాఠము మనకు ఎదురగుచున్నది. సూర్యాస్తమయమును ఫొటో తీయబోవువాడు సూర్యునివైపే తిరిగి నిలుచును. అయితే సందక్‌ఫూ మీద పడమటివైపు చూచుచు నిలిచినవాడు అచ్చటి గొప్ప దృశ్యమును పోగొట్టుకొనును. అస్తమించు సూర్యుడు తన వెలుగును ఉత్తరమునందలి మంచుమీద పోయుచున్నాడు. ఏ కొండమీదనైనను వెలుగు వచ్చు దిక్కునే గాక, అది పడుచున్న దిక్కును చూడవలెను.

2. గడియారము చెప్పని గడియ

2017 నవంబరులో నేను మొదటిసారి అచ్చటికి పోయినప్పుడు నా చిన్న పుస్తకములో "సూర్యాస్తమయము 5-40" అని వ్రాసికొంటిని. అది హైదరాబాదులో నేను ప్రతిదినము చూచుచున్న సమయము. మా మార్గదర్శి దానిని చూచి నవ్వి, "ఇక్కడ 4-45" అని సవరించెను. నేను నమ్మలేదు. తరువాత లెక్కించి చూడగా అతడు చెప్పినదే నిజమాయెను.

దీనికి కారణము తెలిసికొనదగినది. మన దేశమంతటికిని ఒకటే గడియారము. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి నడచుచున్నది. ఆ రేఖ మన కాకినాడ సమీపమున పోవుచున్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. సందక్‌ఫూ 88 డిగ్రీల యొద్దను, హైదరాబాదు 78½ డిగ్రీల యొద్దను ఉన్నవి. ఈ భేదమువలననే సుమారు 38 నిమిషములు వ్యత్యాసము వచ్చును. మరియు శీతకాలమున ఉత్తరమునకు పోయినకొలది పగలు తగ్గును గనుక మరికొన్ని నిమిషములు కలియును. కాబట్టి తూర్పునకు ప్రయాణము చేయువారు అస్తమయ సమయమును తమ ఊరి వాడుకనుబట్టి గాక ఆ స్థలమునుబట్టి ముందుగా విచారించుకొనవలెను.

కొండమీద గడియారము లేకపోయినను ఒక ఉపాయము కలదు. చేతిని పూర్తిగా చాచి పిడికిలి బిగించి క్షితిజరేఖమీద ఆనించి చూడుడి. ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. మన దేశములో సూర్యుడు అంత దూరము దిగుటకు ముప్పావు గంట పట్టును. చల్లని దేశముల పుస్తకములలో నాలుగు వ్రేళ్ల వెడల్పునకు ఒక గంట అని చెప్పుదురు. అచ్చట సూర్యుడు ఏటవాలుగా దిగును. మనయొద్ద నిటారుగా దిగును. ఆ లెక్కను నమ్మినవాడు మన కొండలమీద చీకటిలో చిక్కుకొనును.

3. ఆ ఎరుపు ఎక్కడనుండి వచ్చును?

సూర్యుని వెలుగులో అన్ని రంగులును కలవు. గాలిలోని సూక్ష్మకణములు నీలిరంగును ఎక్కువగాను, ఎరుపును తక్కువగాను చెదరగొట్టును. ఈ సంగతిని ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రేలీ 1871లో వివరించెను. మధ్యాహ్నమున వెలుగు గాలిపొర గుండ తిన్నగా దిగివచ్చును. సూర్యుడు క్షితిజమునంటినప్పుడైతే అదే వెలుగు సుమారు 38 రెట్ల గాలిని దాటి రావలెను. ఆ దీర్ఘప్రయాణములో నీలము చెదరిపోవును. ఎరుపు, నారింజ మిగిలి మనయొద్దకు చేరును. మంచు తెల్లనిది గనుక తనమీద పడిన రంగునే చూపును.

అందుచేత సాయంకాలపు వెలుగులో మూడు ఘడియలను గుర్తింపవలెను. మొదటిది, సూర్యుడు అస్తమించుటకు ముందు గడియ. అప్పుడు మంచు బంగారువర్ణము దాల్చును. లోయలలో నీడలు పొడుగై కొండల ఒంపులు స్పష్టముగా తెలియును. రెండవది, అస్తమించు క్షణము. అంచు తాకినది మొదలు పూర్తిగా మునుగువరకు రెండున్నర నిమిషములు మాత్రమే. మనకు సూర్యుడు మరుగైన తరువాతను మహోన్నత శిఖరములకు అతడు ఇంకను కనబడుచుండును గనుక, మనము నీడలో నిలిచియుండగా కాంచనగంగ శిరస్సు మరికొన్ని నిమిషములు ఎర్రగా వెలుగుచుండును. మూడవది, అందరును లేచిపోయిన తరువాత వచ్చునది. అస్తమయము మొదలు సుమారు 25 నిమిషములు ఆకాశము తేటగా నుండును. ఆ సమయమున తూర్పునకు తిరిగి చూచినయెడల నేలనంటి ముదురు నీలపు పట్టీయొకటి, దానిపైన గులాబిరంగు పట్టీయొకటి కనబడును. ఆ నీలపు పట్టీ మేఘము కాదు. అది ఆకాశముమీద పడిన భూమియొక్క నీడ. ఎంతమంది తమ జీవితకాలములో దానిని ఒక్కసారియైనను గమనించిరి? సూర్యుడు మునిగిన వెంటనే పెట్టె మూసికొని టీ కొరకు పరుగెత్తువాడు దానిని చూడడు.

ఇట్టి రంగులను పట్టుకొనగల సాధనము మన చేతిలోనుండుట స్వల్పమైన సంగతి కాదు. 1863 మొదలు 1866 వరకు శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు హిమాలయములలో మూడు ప్రయాణములు చేసెను. 1866లో 18,000 అడుగులకు మించిన మణిరంగ్ కనుమయొద్ద అతడు ఫొటోలు తీసెను. ఆ కాలమున గాజుపలకకు ద్రావకము పూసి, అది తడిగా నుండగానే ఫొటో తీసి, వెంటనే డేరాలో కడుగవలసియుండెను. డేరా, మందుసీసాలు, గాజుపలకలు మోయుటకు కూలీల గుంపే వెంట నడిచెను. ఇంత శ్రమపడినను ఆ పలకకు ఎరుపు తెలియదు. ఎర్రని వెలుగు దానిమీద ముద్ర వేయలేదు. సాయంకాలపు శిఖరము ఎట్లు మండెనో బోర్న్ కన్నులు చూచెనుగాని అతని పలక చూడలేదు.

4. నేను చేసిన తప్పు

ఇప్పుడు నా మొదటి ప్రయాణమును గూర్చి ఒప్పుకొనవలసినది ఒకటి కలదు. నాతోకూడ ఇద్దరు స్నేహితులును, నా చెల్లెలి కుమారుడును వచ్చిరి. వానికి అప్పుడు పందొమ్మిది సంవత్సరములు. స్టేషనులో నా చెల్లెలు, "అన్నయ్యా, వాడికి ఆకలైనా చెప్పడు, నొప్పైనా చెప్పడు. నువ్వే కనిపెట్టుకోవాలి" అని మరి మరి చెప్పినది.

సందక్‌ఫూకు మూడు దినములలో ఎక్కుట మంచిది. నాకు సెలవు తక్కువ. పైగా అస్తమయము గంట ముందుగా వచ్చునని తెలిసినప్పటినుండి నాకు తొందర పుట్టెను. మొదటి రాత్రి తుమ్లింగ్‌లో గడపి, రెండవ దినముననే పైకి చేరవలెనని నేను నిర్ణయించితిని. మార్గదర్శి వద్దనెను, నేను వినలేదు. తుమ్లింగ్ నుండి దారి ముందుగా 2,625 మీటర్ల గైరీబాస్‌కు దిగి, అచ్చటినుండి మరల ఎక్కును. అనగా ఒక్క దినమున వేయి మీటర్లు ఎక్కవలెను. కాలీపోఖ్రీ యొద్దకు చేరునప్పటికే బాలునికి తలనొప్పి పట్టెను. భోజనము వద్దనెను. నేను వానికి ఒక మాత్ర ఇచ్చి, "ఇంకా ఆరు కిలోమీటర్లే కదా" అని నడిపించితిని.

మధ్యాహ్నము మూడు గంటలకు పైకి చేరితిమి. ఆకాశములో ఒక్క మేఘమైనను లేదు. కాంచనగంగ చేతికందునట్లు నిలిచియుండెను. నేను ముక్కాలి స్టాండు విప్పుచుండగా బాలుడు గోడకు ఆనుకొని వాంతి చేసికొనెను. అతని ముఖము పాలిపోయెను. మార్గదర్శి నాతో మెల్లగా, "ఇతడిని ఇప్పుడే క్రిందికి దింపాలి" అని హిందీలో అనెను. క్రిందికి పోవు జీపు ఆ సమయమున ఒక్కటియు లేదు. ఇంకను గంటన్నర ఉన్నయెడల నేను వచ్చిన పని ముగియును. చదువరులారా, నేను ఆ క్షణమున గడియారమువైపు చూచితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. బాలుడది చూచెను. "మామయ్యా, మీరు ఫొటో తీసుకోండి. నేను ఇక్కడ పడుకుంటాను" అనెను. నొప్పైనా చెప్పడు అని తల్లి చెప్పిన మాట నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. స్టాండు మడిచితిని.

మేము దిగుచుండగా వెలుగు బంగారమాయెను. వాని చెయ్యి నా భుజముమీద నుండెను. నా కెమెరా మూటలో నుండెను. ఒక మలుపునొద్ద చెట్ల సందులోనుండి శిఖరము నిప్పువలె కనబడెను. మేమిద్దరము ఒక నిమిషము నిలిచి చూచి, మరల నడిచితిమి. చీకటిపడిన కొంతసేపటికి సుమారు 500 మీటర్లు దిగువనున్న కాలీపోఖ్రీ చేరితిమి. రాత్రి ఎనిమిది గంటలకు వాడు వేడి సూపు త్రాగెను. ఉదయమునకు తలనొప్పి పోయెను.

ఈ విషయములో ప్రతివాడును తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత గాలి పలుచనగుటవలన ఎత్తు జబ్బు రావచ్చును. యౌవనముగాని, బలముగాని దానికి అడ్డు కాదు. తలనొప్పి, వికారము, ఆకలి లేమి, తల తిరుగుట దాని మొదటి గురుతులు. అవి కనబడినప్పుడు ఇక ఎక్కరాదు. తగ్గువరకు అచ్చటనే నిలువవలెను. తగ్గకపోయినను, ఎక్కువైనను వెంటనే దిగవలెను. అడుగులు తడబడినను, మాట తికమకపడినను, కూర్చుండియుండగా ఆయాసము వచ్చినను అది ప్రాణాపాయము. రాత్రియైనను తెల్లవారువరకు ఆగక దింపవలెను. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు స్థలమును ఒక రాత్రికి 500 మీటర్లకంటె ఎక్కువ పెంచకుండుట మేలు.

5. శిఖరమునకు కొన్ని అడుగుల ఈవల

ఆ రాత్రి కాలీపోఖ్రీలో పొయ్యి చుట్టు కూర్చుండియుండగా మార్గదర్శి ఒక సంగతి చెప్పెను. తరువాత నేను దానిని పుస్తకములలోను చదివితిని. 1955 మే 25వ తేదీన జో బ్రౌన్, జార్జి బ్యాండ్ అను ఇద్దరు కాంచనగంగ నెక్కిరి. అంతకుముందు ఎవరును దానిని జయింపలేదు. అయితే ఆ శిఖరము సిక్కిం ప్రజలకు పవిత్రమైనది గనుక దాని తలమీద అడుగుపెట్టమని వారి దళము మాట యిచ్చియుండెను. ఆ ఇద్దరు శిఖరాగ్రమునకు కొన్ని అడుగుల ఈవలనే నిలిచిపోయిరి. ఇంకను నాలుగడుగులు వేసినయెడల చూచువారెవరు? ఆపువారెవరు? అయినను వారు వేయలేదు. వారి తరువాత ఎక్కినవారిలో అనేకులు ఆ మర్యాదనే పాటించిరి. వారు ఎక్కలేదని లోకము చెప్పుటలేదు. మొదట ఎక్కినవారు వారేయని చెప్పుచున్నది.

నేను ఆ దినమున సణుగుకొనుచు దిగితిని. వారు ఇచ్ఛాపూర్వకముగా ఆగిరి. ఆ భేదమును నేను మరువరాదని వ్రాసికొంటిని.

6. రెండవ ప్రయాణము

2019 నవంబరులో మరల పోతిమి. దారి లెక్కను ఈసారి మేనల్లుడే వేసెను. "మామయ్యా, మూడు రోజులు. ఒక్క గంట తక్కువైనా నేను రాను" అనెను. మూడవ దినమున పండ్రెండు గంటలకే పైకి చేరి, అన్నము తిని, విశ్రమించి, మూడున్నరకు మా స్థలములో నిలిచితిమి. పని జరిగిన విధమును క్లుప్తముగా చెప్పుదును.

స్థలమును పగటివేళనే ఎన్నుకొంటిమి. ముందుభాగమున ఒక ఎండిన మానును నిలుపుకొంటిమి. దగ్గరిదేదియు లేనియెడల దూరమునందలి కొండయొక్క గొప్పతనము చూచువానికి తెలియదు. గాలి ఎక్కువగా నుండెను గనుక స్టాండునకు రాళ్ల సంచిని వ్రేలాడదీసితిమి. కెమెరా తానే రంగును సవరించుకొనకుండ పగటి వెలుగునకు స్థిరపరచితిమి. లేనియెడల అది ఎరుపును లోపమని యెంచి తెల్లబరచును. వెలుగును మంచునుబట్టి కొలిచితిమి. సెల్‌ఫోనుతో తీయువారును తెరమీద మంచునే వ్రేలితో తాకి, వెలుగును కొంచెము తగ్గింపవలెను. ఎఫ్ 8 యొద్ద మొదట సెకనులో అరువదవ వంతు చాలెను. అస్తమయమైన ఇరువది నిమిషములకు రెండు సెకనులు కావలసివచ్చెను. చలికి బ్యాటరీలు త్వరగా నీరసించును గనుక రెండవదానిని లోపలి జేబులో ఉంచుకొంటిమి. దూరపు లెన్సు గుండ సూర్యుని కంటితో చూడలేదు. అది చూపును చెరుపగలదు. లోపలికి పోవుటకు ముందు కెమెరాను సంచిలో గట్టిగా మూసితిమి. లేనియెడల వెచ్చని గదిలో దానిమీద చెమ్మ పట్టును. తలకు కట్టుకొను దీపములు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండెను. తెచ్చిన కాగితములు, సీసాలు తిరిగి తీసికొని వచ్చితిమి.

నాలుగు గంటలకు మేఘము కమ్మెను. నాలుగున్నరకును విడువలేదు. ప్రక్కనున్నవారు కొందరు లేచిపోయిరి. మేము కూర్చుండియే యుంటిమి. అయిదు గంటలకు కొంచెము ముందు మేఘము దిగువకు జారెను. అప్పటికి మేము నీడలో నుంటిమి, శిఖరము మాత్రము ఎర్రగా నుండెను. నాకు దొరికినవి ఆరు ఫొటోలు. వాటిలో ఒకటి మంచిది. అది నా చెల్లెలి ఇంటి గోడమీద నున్నది. మొదటి ప్రయాణపు ఫొటో ఏదని ఎవరైన అడిగినప్పుడు, ఆమె తన కుమారునివైపు చూపును.

ముగింపు

అందరును హిమాలయములకు పోనక్కరలేదు. మదనపల్లె సమీపమునందలి హార్సిలీ కొండలు 1,265 మీటర్లు మాత్రమే. మీ ఊరి ప్రక్క గుట్ట ఇంకను చిన్నది. ఎత్తు జబ్బు అచ్చట లేకపోయినను చీకటి కలదు, జారుడు రాయి కలదు, అలసిన తోటివాడు కలడు. ఈ పాఠము అచ్చటను వర్తించును. ముందుగా చేరుడి. వెలుగు పడుచున్న దిక్కు చూడుడి. అందరు లేచిన తరువాత మరి కొంతసేపు కూర్చుండుడి. అయితే తోటివాడు "నేను పడుకుంటాను" అనినప్పుడు స్టాండు మడుచుటకు సిద్ధముగా నుండుడి. సృష్టిలోని ఆ వెలుగు మనము తీయకపోయినను ఆ సాయంకాలము వెలిగెను, మరునాడును వెలిగెను.

ఆలోచించుటకు

1. మీ ఊరిలో సూర్యుడు ఈ నెలలో ఎన్ని గంటలకు అస్తమించుచున్నాడు? పిడికిలితో కొలిచి, గడియారముతో సరిచూడుడి.

2. ఒక సాయంకాలము తూర్పునకు తిరిగి నిలిచి భూమి నీడను కనుగొనుడి. దానిని ఇంటిలోని పిల్లలకు చూపుడి.

3. మీరు తలపెట్టిన పని నిమిత్తము తోటివాని అలసటను చూడక నడిపించిన సందర్భము ఏదైన కలదా? ఇప్పుడు వానితో చెప్పవలసిన మాట ఏది?